కంప్యూటర్లు వచ్చినయ్, చెప్పే సారు నిలుస్తలేడు

మన ఊరి హైస్కూలుకు ఏదో కంపెనీ కంప్యూటర్లు ఇచ్చిందని వాట్సాప్ గ్రూపుల ఫొటో వస్తది. రిబ్బను కట్టింగు, కొబ్బరికాయ, శాలువలు, పది కొత్త కంప్యూటర్లు, గోడకు కంపెనీ పేరుతోని పెద్ద బోర్డు. మనం గూడ చేతులు జోడించిన బొమ్మ ఒకటి పెట్టి ముందుకు పోతం.

రెండేండ్లు ఆగి అదే రూముకు పోయి చూడుండ్రి. చాన బళ్లల్ల ఆ రూముకు తాళం ఉంటది. చెవి హెడ్మాస్టర్ టేబుల్ సొరుగుల ఉంటది. కరెంటు లేదా అంటే ఉన్నది. కంప్యూటర్లు ఖరాబయినయా అంటే అన్నీ కాలే. మరెందుకు తియ్యరు అనడిగితే వచ్చే జవాబు ఒక్కటే: "చెప్పే సారు లేడు."

ఇయ్యాల ఈ ముచ్చటే మాట్లాడుకుందాం. బడికి కంప్యూటర్ ఇచ్చెటోళ్లు మస్తుమంది ఉన్నరు. కంప్యూటర్ చెప్పే సారును, మేడమును తయారుచేసి, వాళ్లు ఇడిచిపెట్టి పోకుంట పట్టుకునేటోళ్లు తక్కువ. ప్రైవేటు పైసలు ఈ పని చెయ్యగలుగుతయా? చేసిన కాడ ఎట్ల చేసినయ్? చెయ్యని కాడ ఎందుకు చెయ్యలే? ఇది తెలిస్తె రేపు మన బడికి ఎవరన్న సాయం చేస్తమని వచ్చినప్పుడు ఏం అడగాల్నో మనకు తెలుస్తది.

సారు ఎందుకు లేడు?

ముందుగాల మన దిక్కు సంగతి చూద్దాం. డీఎస్సీ నోటిఫికేషన్ పడితే స్కూల్ అసిస్టెంట్ పోస్టులు ఏమేం ఉంటయో మీకు ఎరుకే. తెలుగు, హిందీ, ఇంగ్లీషు, లెక్కలు, ఫిజికల్ సైన్సు, బయాలజీ, సోషల్. జిల్లా పరిషత్ హైస్కూలుల కంప్యూటర్ సైన్సు స్కూల్ అసిస్టెంట్ అని పోస్టు కనవడదు. పోస్టు లేకుంటె దానికోసం చదివెటోళ్లు ఉండరు. చదివినోళ్లు లేకుంటె పోస్టు పెట్టుమని అడిగెటోళ్లు ఉండరు. గిట్ల ఒకదాని తోక ఇంకోటి పట్టుకొని తిరుగుతనే ఉన్నది.

ఇగ బడిల కంప్యూటర్ ఎవరు చెప్తరు? ఒకటి, లెక్కల సారుకో ఫిజిక్స్ మేడముకో అదనంగ అప్పజెప్తరు. ఆయనకు పదో తరగతి రిజల్టు టెన్షనే తలకు మించి ఉంటది. రెండు, ఊర్లె బీటెక్కో డిగ్రీనో చదివిన పోరనిని కాంట్రాక్టు మీదనో ఔట్‌సోర్సింగు మీదనో తీసుకుంటరు. ఆ పిల్లగాడు ఏడాది మంచిగ చెప్తడు. పిల్లలకు ఆయన మీద పాణం పడ్తది. అంతలనే హైదరాబాదుల ఇరవై, ఇరవై అయిదు వేల కొలువు దొరుకుతది. పోతడు. పోకుంట ఎట్ల ఉంటడు? ఇంటికాడ అప్పు ఉంటది, చెల్లె పెండ్లి ఉంటది.

కంప్యూటర్ వచ్చినోనికి బయట మార్కెట్ ఎక్కువ జీతం ఇస్తది. తెలుగు సారుకు, సోషల్ సారుకు గీ గుంజుడు లేదు. కంప్యూటర్ సారుకు రోజూ ఉంటది. ఎంత మంచిగ నేర్సుకుంటె అంత తొందరగ పోయే అవకాశం వస్తది. అంటే ట్రైనింగు ఇచ్చుడు ఒక్కటే సరిపోదు. ట్రైనింగు ఇచ్చి ఇడిసిపెడితె, ఇంకో కంపెనీకి మనిషిని తయారుచేసి ఇచ్చినట్టయితది.

అమెరికాల గూడ గిదే బాధ

మనకు పైసలు లేవు కాబట్టి గిట్లున్నది, అమెరికాల గిసొంటి బాధ ఉండదు అనుకుంటె పొరపాటు. ఆడి సర్కారు లెక్కల ప్రకారం ఒక సాఫ్ట్‌వేర్ డెవలపర్ ఏడాది జీతం నడిమి లెక్కల లక్షా 30 వేల డాలర్ల పైన ఉంటది. హైస్కూలు టీచరుది 65 వేల డాలర్ల దగ్గర. సరిగ్గ సగం. ఒక మనిషికి కోడింగు వస్తె బడిల సగం జీతానికి ఎందుకు ఉండాలె?

ఫలితం ఏమయింది? 2016ల ఆ దేశం మొత్తం మీద టీచర్ ట్రైనింగు కాలేజీల కెల్లి కంప్యూటర్ సైన్సు చెప్పేటందుకు తయారై వచ్చినోళ్లు 75 మంది అని కోడ్ డాట్ ఆర్గ్ అనే సంస్థ లెక్క తీసింది. అదే ఏడాది లెక్కల టీచర్లు వేల మంది వచ్చిన్రు. గూగుల్, మైక్రోసాఫ్ట్, ఫేస్‌బుక్ పుట్టిన దేశంల బడిల కంప్యూటర్ చెప్పేటోళ్లు దొరుకలే.

ఇంకో బాధ గూడ ఉన్నది. అది జీతం స్లిప్పుల కనవడదు. లెక్కల టీచర్లు బడికి ముగ్గురు నలుగురు ఉంటరు. ఒకరికి డౌట్ వస్తె ఇంకొకరిని అడుగుతరు. కంప్యూటర్ చెప్పే మనిషి బడికి ఒక్కరే. ప్రోగ్రాం నడువకపోతె అడిగేటందుకు పక్కన ఎవ్వరు ఉండరు. సబ్జెక్టు గూడ ఊకె మారుతనే ఉంటది. నిన్న నేర్సుకున్నది రేపు పాతదయితది. గీ ఒంటరితనం గూడ మనిషిని బడి ఇడిచిపెట్టేటట్టు చేస్తది. గిందుకే 2004ల ఆడ కంప్యూటర్ సైన్సు టీచర్ల సంఘం ఒకటి పెట్టుకున్నరు. దాన్ని నిలవెట్టింది కంప్యూటర్ శాస్త్రవేత్తల పెద్ద సంఘం ఏసీఎం.

నాలుగేండ్లు చెయ్యి ఇడువని గ్రాంటు

ఇగ అసలు కథకు వద్దాం. న్యూయార్క్‌ల జిమ్ సైమన్స్ అని ఒక లెక్కల ప్రొఫెసర్ ఉండె. 1978ల ప్రొఫెసర్ కొలువు ఇడిచిపెట్టి షేర్ మార్కెట్ల దిగిండు. లెక్కలు, కంప్యూటర్ల మీద నడిచే వ్యాపారం చేసి వేల కోట్లు సంపాదించిండు. 2024 మే నెలల చనిపోయిండు. ఆయనకు ఒక ముచ్చట మనసుల పడ్డది: లెక్క మంచిగ వచ్చినోళ్లు బడిల ఉంటలేరు, మార్కెట్ల పడుతున్నరు. ఆయన గూడ గట్ల పోయినోడే కదా!

2004ల ఆయన 'మ్యాథ్ ఫర్ అమెరికా' అనే సంస్థ పెట్టిండు. మొదట లెక్కల టీచర్లకే, తర్వాత సైన్సు టీచర్లకు, ఆ తర్వాత కంప్యూటర్ సైన్సు టీచర్లకు గూడ దాన్ని పెంచిన్రు. పద్ధతి గిట్లుంటది. న్యూయార్క్ సర్కారు బడిల పనిచేసే టీచరు దరఖాస్తు పెట్టుకుంటడు. సబ్జెక్టు ఎంత వచ్చు, పాఠం ఎట్ల చెప్తడు అని చూసి తీసుకుంటరు. సెలక్ట్ అయితె నాలుగేండ్ల పాటు, ఏడాదికి 15 వేల డాలర్లు ఇస్తరు. మన లెక్కల 12 లక్షల పైన. సర్కారు జీతం సర్కారు జీతమే, ఇది దాని మీద. ఒక్కటే షరతు: ఆ నాలుగేండ్లు సర్కారు బడిల క్లాసురూముల ఉండి పాఠం చెప్పాలె. ఇడిచిపెట్టి పోతె గ్రాంటు బంద్.

చాన మంది పైసల కాడికే చూసి ఆగుతరు. కని దాంట్ల ఇంకో సగం ఉన్నది. ఆ టీచర్లు బడి అయినంక సాయంత్రం ఒక కాడ కలుస్తరు. క్లాసులు ఉంటయి. చాన క్లాసులు టీచర్లే ఒకరికొకరు చెప్పుకుంటరు. ఒక బడిల ఒక్కడే ఉన్న కంప్యూటర్ సారుకు ఇంకో యాభై బళ్ల సార్లు దోస్తులయితరు. నీ క్లాసుల ఈ పాఠం పిల్లలకు ఎక్కిందా, నా కాడ ఎక్కలే, నువ్వు ఎట్ల చెప్పినవ్ అని అడుగుకుంటరు. ఇసొంటి టీచర్లు ఒక్క న్యూయార్క్ నగరంలనే వెయ్యి మంది దాకా అయిన్రు.

ఇక్కడ జర ఆలోచన చెయ్యాలె. ఏడాదికి 15 వేల డాలర్లు ఇచ్చినా సాఫ్ట్‌వేర్ జీతం కాదు. 65 వేలకు 15 వేలు కలిపితె 80 వేలు. లక్షా 30 వేలకు ఇంక 50 వేలు తక్కువే. మరి ఏం పనిచేసింది? టీచరుకు బయట వచ్చే జీతం అంత ఇయ్యాల్సిన పని లేదు. ఆయనకు పాఠం చెప్పుడు ఇష్టమే, లేకుంటె ఎప్పుడో పోతుండె. ఆయనకు కావాల్సింది ఇంట్ల కిరాయికి ఇబ్బంది లేకుంట కొంత, పని తెలిసిన దోస్తులు కొందరు, నీ పని పెద్దపని అని ఎవరన్న గుర్తించుడు. ఈ మూడు ఒక్క కాడ దొరికితె మనిషి ఆగుతడు.

ఇంకో మంచి పని ఏం జరిగిందంటే, 2013ల న్యూయార్క్ రాష్ట్ర సర్కారు ఈ పద్ధతిని చూసి, తన సొంత మాస్టర్ టీచర్ ప్రోగ్రాం పెట్టింది. అదే 15 వేలు, అదే నాలుగేండ్లు. నడిపేది ఆ రాష్ట్ర యూనివర్సిటీ. అంటే ఒక ధనవంతుడు తన పైసలతోని ఇది పనిచేస్తదని చేసి చూపెట్టిండు, సర్కారు దాన్ని ఎత్తుకున్నది. ప్రైవేటు గ్రాంటు చెయ్యగలిగిన పెద్ద పని ఇదే అని నా అభిప్రాయం.

పక్కన నిలవడి నేర్పుడు

ఇంకో దారి గూడ ఉన్నది. 2009ల సియాటెల్ దగ్గర మైక్రోసాఫ్ట్ ఇంజినీరు కెవిన్ వాంగ్ పొద్దుగాల ఆఫీసుకు పోకముందు ఒక హైస్కూలుల కంప్యూటర్ పాఠం చెప్పుడు షురూ చేసిండు. అంతకుముందు ఆయన గూడ బడిల టీచరుగ చేసినోడే. దగ్గర్లున్న ఇంకిన్ని బళ్లు మాకు గూడ కావాలె అన్నయ్. ఒక్కడే ఎన్ని బళ్లకు పోతడు? దోస్తులను తోలిండు. తర్వాత మైక్రోసాఫ్ట్ కంపెనీ ఆ పనిని తన కిందికి తీసుకొని పైసలు పెట్టింది. దాని పేరు టీల్స్.

అందుల తెలివి ఏందంటె, ఇంజినీరు వచ్చి సారును పక్కకు జరిపి పాఠం చెప్పుడు కాదు. బడిల ఉన్న లెక్కల టీచరో సైన్సు టీచరో అదే క్లాసుల ఉంటడు. మొదటి ఏడాది ఇంజినీర్లు ఎక్కువ చెప్తరు, టీచరు పిల్లలతోని పాటు నేర్సుకుంటడు. తర్వాత ఇద్దరు కలిసి చెప్తరు. ఆఖరికి టీచరు ఒక్కడే చెప్తడు, ఇంజినీరు ఇంకో బడికి పోతడు. ఊర్లకు దూరమున్న బళ్లకు ఇంజినీర్లు పోలేకపోతె వీడియో కాల్‌ల వచ్చి చెప్పిన్రు. కొత్త మనిషిని బయటికెల్లి తెచ్చుడు కన్న, బడిల ముందే ఉన్న మనిషికి కొత్త పని నేర్పుడు మీద నడిచిన పద్ధతి ఇది. ఆ మనిషికి బడి అలవాటే, పిల్లలు అలవాటే, పర్మినెంటు కొలువు ఉన్నది. తొందరగ పోడు.

సియాటెల్‌ల సాఫ్ట్‌వేర్ కొలువులు చేసే మనోళ్లు మస్తుమంది ఉన్నరు. మైక్రోసాఫ్ట్ పెద్దసారు సత్య నాదెళ్ల హైదరాబాదుల చదువుకున్న మనిషి. ఆడ బడికి పోయి చెప్పే పద్ధతి వాళ్ల కండ్ల ముంగటనే నడిచింది. సెలవులకు ఊరికొచ్చినప్పుడు బడికి రంగులేపిచ్చే ఎన్నారై అన్నలు జర గిది గూడ యాది చేసుకోవాలె.

మన పైసలు ఆడ ఏం చేస్తున్నయ్?

ఇంకో ముచ్చట చెప్తె ఇంతేనా అనుకుంటరు. బెంగళూరు కంపెనీ ఇన్ఫోసిస్ అమెరికాల 2015ల ఒక ఫౌండేషన్ పెట్టింది. అది ఆడి బడి టీచర్లకు కంప్యూటర్ సైన్సు నేర్పేటందుకు గ్రాంట్లు ఇచ్చింది. ఎండకాలం సెలవులల్ల ఇండియానా యూనివర్సిటీల వారం రోజుల ట్రైనింగు పెట్టి, టీచర్ల ఖర్చుల చాన మటుకు భరించింది. నేను ముందు చెప్పిన టీచర్ల సంఘంతోని కలిసి, మంచిగ చెప్పే కంప్యూటర్ టీచర్లకు 10 వేల డాలర్ల అవార్డులు గూడ పెట్టింది.

ఇది దానం ఒక్కటే కాదు. ఆ కంపెనీకి ఆడ వ్యాపారం ఉన్నది, ఆడి పిల్లలను కొలువులకు తీసుకోవాలె, ఆడి సర్కారు ముందు మంచిపేరు కావాలె. ఏ కంపెనీ గ్రాంటు ఇచ్చినా ఎనుక ఒక లెక్క ఉంటది. అది తప్పు అని నేను అంటలేను. లెక్క ఉన్నదని తెలిసి తీసుకోవాలె అంటున్న. మనం చూడాల్సింది ఏందంటె, ఆడ పైసలు ఇచ్చేటప్పుడు వాళ్లు టీచరు మీద పెట్టిన్రు. అది వాళ్లకు తెలువని పద్ధతేం కాదు. మన దగ్గర గూడ పెట్టుమని మనం అడగొచ్చు.

మన దిక్కు ఏమయింది?

మన దగ్గర ప్రయత్నమే జరుగలే అంటె అన్యాయమయితది. 2008ల ఉమ్మడి రాష్ట్రంల 5 వేల సర్కారు హైస్కూళ్లల్ల కంప్యూటర్ ల్యాబులు పెట్టిన్రు. అది గ్రాంటు గాదు, కాంట్రాక్టు. ప్రైవేటు కంపెనీలు ల్యాబు కట్టాలె, అయిదేండ్లు నడుపాలె, ఇన్‌స్ట్రక్టర్లను పెట్టాలె, ఆ తర్వాత అంత సర్కారుకు అప్పజెప్పాలె. పైసలు సర్కారే కంపెనీకి కడ్తది.

వేల మంది మనసొంటి ఊరి పిల్లలే ఇన్‌స్ట్రక్టర్లుగ చేరిన్రు. చేతికొచ్చే జీతం చాన తక్కువ. అది గూడ నెలనెల టైముకు రాదని ధర్నాలు. వాళ్లు సర్కారు మనుషులు కాదు, బడి స్టాఫ్ కాదు. స్టాఫ్‌రూముల గూడ వాళ్లకు సరైన కుర్చీ లేదు. బడి సార్లు ఏమనుకున్నరు? కంప్యూటర్ అంటె ఆ పిల్లగాని పని, మనకేం సంబంధం అనుకున్నరు. 2013ల గడువు అయిపోయింది. కంపెనీలు పోయినయి, ఇన్‌స్ట్రక్టర్లు రోడ్డున పడ్డరు. కంప్యూటర్లు బడిల మిగిలినయి గని వాటిని నడిపే తెలివి బడిల మిగులలే. అది ఇన్‌స్ట్రక్టర్ తోని పాటు గేటు దాటి పోయింది.

గదే టైముల కేరళ ఏం చేసిందో చూడుండ్రి. 2001ల ఐటీ ఎట్ స్కూల్ అని షురూ చేసిన్రు. బయటికెల్లి ఇన్‌స్ట్రక్టర్లను తేలే. ఉన్న టీచర్లకే నేర్పిన్రు. వాళ్లల్లనే కొందరిని ట్రైనర్లుగ తయారుచేసిన్రు. లైసెన్సు పైసలు కట్టే పని లేకుంట లినక్స్ పెట్టుకున్నరు. 2017ల దాన్నే కైట్ అనే సర్కారు కంపెనీగ మార్చిన్రు. 2018ల బళ్లల్ల పిల్లల ఐటీ క్లబ్బులు పెట్టిన్రు. టీచరు రిటైర్ అయ్యేదాంక బడిల్నే ఉంటడు కాబట్టి తెలివి గూడ బడిల్నే ఉన్నది.

రెండు కథలు పక్కపక్కన పెట్టి చూస్తె, పైసలు ప్రైవేటువా సర్కారువా అన్నది రెండో ముచ్చట. పైసలు అయిపోయినంక తెలివి ఎవరి దగ్గర మిగిలింది అన్నది మొదటి ముచ్చట.

సీఎస్సార్ అంటె ఏంది, అది టీచరు దాంక ఎందుకు వస్తలేదు?

మన దేశంల కంపెనీలు బడికి సాయం చేసుడు ఊకె పుణ్యం కోసం కాదు, చట్టం ఉన్నది. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నికర ఆస్తి 500 కోట్లు, లేకుంటె టర్నోవర్ 1,000 కోట్లు, లేకుంటె లాభం 5 కోట్లు ఉన్న కంపెనీ, గడిచిన మూడేండ్ల సగటు లాభంల 2 శాతం సమాజం పనులకు పెట్టాలె. 2014 ఏప్రిల్ నుంచి ఇది నడుస్తున్నది. చదువు ఆ పనుల లిస్టుల ఉన్నది.

మరి ఆ పైసలు ఎందుకు కంప్యూటర్ డబ్బాల కాడనే ఆగుతున్నయి? డబ్బా కొంటె బిల్లు ఉంటది, ఫొటో ఉంటది, రిపోర్టుల నింపేటందుకు లెక్క ఉంటది. మార్చి 31 లోపల ఖర్చు అయిపోతది. టీచరును నిలవెడితె ఫొటో ఏముంటది? నాలుగేండ్ల కింద ఉన్న సారే ఇయ్యాల గూడ ఉన్నడు అనేది ఫొటోల కనవడదు.

"సీఎస్సార్ అంటె ఏ ఏడాది పైసలు ఆ ఏడాదే, టీచర్ల పని ఏండ్లకేండ్లు నడుస్తది, కుదరదు" అని కొందరు అంటరు. ఇది పూర్తి నిజం కాదు. 2021ల మార్చిన రూల్సు ప్రకారం, నడుస్తున్న ప్రాజెక్టు అని రాసుకుంటె మొదలువెట్టిన ఏడాది పోను ఇంక మూడేండ్లు పైసలు పెట్టొచ్చు. మొత్తం నాలుగేండ్ల దాంక. న్యూయార్క్ ఫెలోషిప్ ఎన్నేండ్లు? అదీ నాలుగే. అంటె మన చట్టం అడ్డం వస్తలేదు. పెట్టాల్నని మనసు ఉండాలె, పెట్టుమని అడిగెటోడు ఉండాలె.

ఇంకో చిక్కు నిజంగనే ఉన్నది. సర్కారు టీచరు చేతికి కంపెనీ నేరుగ పైసలు ఇయ్యరాదు, సర్వీసు రూల్సు ఒప్పుకోవు. విద్యాశాఖతోని ఒప్పందం చేసుకొని, దాని ద్వారా ఇయ్యాలె. పని కొంచెం ఎక్కువ, గని కానిది కాదు.

ఒక లెక్క ఏసి చూద్దాం

ఇది నేను ఊహించి ఏసిన లెక్క, ధరలు మీ దగ్గర కొంత అటు ఇటు ఉండొచ్చు. ఒక బడికి 10 కంప్యూటర్లు, ఒక్కోటి 40 వేలు అంటె 4 లక్షలు. టేబుళ్లు, వైరింగు, యూపీఎస్ ఇంకో 2 లక్షలు. మొత్తం 6 లక్షలు.

అదే బడిల ఉన్న లెక్కల మేడముకు కంప్యూటర్ చెప్పినందుకు నెలకు 4 వేలు అదనం ఇద్దాం. ఏడాదికి 48 వేలు. నాలుగేండ్లకు లక్షా 92 వేలు. ఏడాదికి ఒకసారి ట్రైనింగుకు పోయి వచ్చే ఖర్చు 10 వేలు, నాలుగేండ్లకు 40 వేలు. మొత్తం 2 లక్షల 32 వేలు.

అంటె ఆరు కంప్యూటర్ల పైసలతోని ఒక టీచరును నాలుగేండ్లు నిలవెట్టొచ్చు. ఇప్పుడు చెప్పుండ్రి, పది కంప్యూటర్లు ఉండి తాళం ఉన్న రూము మంచిదా, నాలుగు కంప్యూటర్లు ఉండి రోజూ తెరిచే రూము మంచిదా? యుడైస్ ప్లస్ 2023-24 లెక్కల ప్రకారం దేశంల పనిచేసే కంప్యూటర్ ఉన్న బళ్లు 57 శాతం. మిగిలిన 43 శాతానికి కంప్యూటర్లు కావాల్సిందే, కాదంటలేను. గని ఆ 57 శాతంల చెప్పే మనిషి ఉన్న బళ్లు ఎన్ని అని గూడ అడగాలె కదా.

ప్రైవేటు పైసల మీదనే బతుకద్దు

ఇంత చెప్పిన అని, కంపెనీలే అంత చేస్తయి, సర్కారు చేతులు దులుపుకోవచ్చు అని అర్థం చేసుకోవద్దు. ప్రైవేటు గ్రాంటుకు మూడు లోపాలు ఉన్నయి.

మొదటిది, అది ఎప్పుడన్న ఆగొచ్చు. కంపెనీకి లాభం తగ్గితె 2 శాతం గూడ తగ్గుతది. పెద్దసారు మారితె ఇష్టం మారుతది. ఈ ఏడు చదువు, వచ్చే ఏడు చెట్లు నాటుడు.

రెండోది, అది కంపెనీ ఉన్న కాడికే పోతది. తమ చుట్టుపక్కల ప్రాంతానికి మొదలు పెట్టాలె అని చట్టమే చెప్తది. హైదరాబాదు చుట్టు కంపెనీలు ఉంటయి కాబట్టి ఆ చుట్టు బళ్లకు వస్తది. ఆసిఫాబాద్ అడివిల ఉన్న బడికి, శ్రీకాకుళం కొండల మీద ఉన్న బడికి ఎవరొస్తరు? అవసరం ఎక్కువున్న కాడ గ్రాంటు తక్కువ ఉంటది.

మూడోది, అది మంచి టీచరును ఏరుకుంటది. న్యూయార్క్ పద్ధతిల గూడ పరీక్ష పెట్టి బాగ వచ్చినోళ్లనే తీసుకున్నరు. ఇంక నేర్సుకోవాల్సినోళ్ల సంగతి? వాళ్ల దగ్గర చదివే పిల్లల సంగతి?

గీ మూడు లోపాలకు మందు సర్కారు దగ్గరనే ఉన్నది. కంప్యూటర్ సైన్సుకు పోస్టు ఇయ్యాలె. బీఈడీల ఆ మెథడాలజీ పెట్టాలె. అదనపు పని చేసే టీచరుకు అదనపు పైసలు ఇయ్యాలె. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచి కోడింగు చెప్పాలె అన్నది. చెప్పాలె అని రాసినంక చెప్పే మనిషి ఎవరో గూడ రాయాలె. ప్రైవేటు పైసలు ఇత్తనం లెక్క. ఇత్తనం ఎవరన్న తెచ్చి ఇయ్యొచ్చు. దున్నుడు, నీళ్లు పెట్టుడు, ఏండ్లకేండ్లు చేను చూసుకునుడు సర్కారు పనే.

మనం ఏం అడగాలె?

తమ్ముళ్లూ, చెల్లెండ్లూ, మీరు ఈ బళ్లల్లనే చదివి వచ్చిన్రు. మీ తమ్ముడో మీ అక్క బిడ్డనో ఇప్పుడు ఆడ చదువుతున్నరు. రేపు మీ బడికి ఎవరన్న కంప్యూటర్లు ఇస్తమని వస్తె సంతోషమే, తీసుకోవాలె. గని బడి కమిటీల కూసున్నప్పుడు నాలుగు మాటలు అడగాలె.

ఒకటి, ఈ కంప్యూటర్లు మీద చెప్పే మనిషి ఎవరు, ఆ మనిషికి నేర్పేది ఎవరు? రెండు, ఆ పైసలు ఎన్నేండ్లు, ఒక్క ఏడాదేనా, నాలుగేండ్లా? మూడు, బయటి ఇన్‌స్ట్రక్టరును పెడితె, ఆ పిల్లగాడు పోయేలోపు బడి టీచరు ఒక్కరన్న నేర్సుకునేటట్టు ఏర్పాటు ఉన్నదా? నాలుగు, మన మండలంల కంప్యూటర్ చెప్పే సార్లు, మేడములు అందరు నెలకొకసారి కలిసేటందుకు ఒక జాగ, దారి ఖర్చు ఇస్తరా? ఈ నాలుగోదానికి పైసలు చాన తక్కువ పడ్తయి, ఫలితం ఎక్కువ ఉంటది.

ఇంకో మాట గూడ. మీల చాన మంది బీటెక్కులు, బీసీఏలు చదివి ఊర్లె ఉన్నరు, కొలువు కోసం చూస్తున్నరు. మీ ఊరి బడి లెక్కల మేడముకు వారానికి రెండు గంటలు పక్కన కూసోని నేర్పుండ్రి. సియాటెల్ ఇంజినీరు పొద్దుగాల చేసిన పని అదే. హెడ్మాస్టర్ ఒప్పుకుంటె చాలు. మీరు రేపు హైదరాబాదు పోయినా, మీరు నేర్పింది ఆ మేడము దగ్గర ఉంటది. ఆమె రిటైర్ అయ్యేదాంక ఏటేటా వంద మంది పిల్లలకు చెప్తది.

ముందుగాల అయితె రేపు బడి కాడికి పోయి, ఆ కంప్యూటర్ రూము తాళం చెవి ఎవరి దగ్గర ఉన్నదో అడుగుండ్రి. దాన్ని ఆఖరుసారి ఎప్పుడు తీసిన్రో గూడ అడుగుండ్రి.